కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు – యువజన విద్యాపోషణము

పల్లెటూరి బాలుడొకడు బుద్ధిశాలియై పుట్టుట యపూర్వము కాదు. అట్టివారు ప్రతి గ్రామమునను కలరు. ఆ బుద్ధి ఫలించుటకు రెండు కావలెను: ఒకటి చదువు, రెండవది, ఆ చదువు నడుమ తెగిపోకుండ వెన్నుగాచి, ముందునకు నడిపించు పెద్దదిక్కు. విత్తనము మంచిదైనంత మాత్రమున పంట యింటికి రాదనియు, అదునునకు తడి యందవలెననియు వ్యవసాయము తెలిసిన మన చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ సత్యమునకు కీర్తిశేషులగు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి జీవితముకంటె మంచి నిదర్శనము ఆంధ్రదేశమున అరుదు. ఆయన ఇతరుల యాదరణమున పెరిగి పెద్దవారైరి. పెద్దవారైన పిదప ఆ ఋణమును తెలుగు యువకులందరకును తీర్చిరి.

2016 సంవత్సరమున ఉమ్మడి వరంగల్లు జిల్లానుండి వేరుపడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములను తలచినపుడు ఈ జీవితము మరింత జ్ఞప్తికి వచ్చును. బమ్మెర, పాలకుర్తి గ్రామములు నేటి జనగామ జిల్లాలోనివి. పోతనామాత్యుడును, పాల్కురికి సోమనాథుడును తమవారని చెప్పుకొను భాగ్యము ఆ నేలకు కలదు. భూపాలపల్లి సీమలో ఘనపురము కోటగుళ్లు కాకతీయుల కాలపు శిల్పులకు సాక్ష్యముగ నిలిచియున్నవి. ఇంతటి ప్రాచీన వైభవము గల సీమలోనే 1901 ప్రాంతమున ఒక బాలుడు తెలుగున ఒక మంచి పుస్తకమును చదువగోరినచో అది దొరకుట దుర్లభముగ నుండెను. నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. కచ్చేరీలలోను పాఠశాలలలోను దానిదే ప్రాబల్యము. 1901 జనాభా లెక్కలను బట్టి ఆ రాజ్యమున చదువ వ్రాయ నేర్చినవారు నూటికి మువ్వురు మాత్రమే. ఈ చీకటిలో తొలిదివ్వెను వెలిగించినవారిలో లక్ష్మణరావుగారు ముఖ్యులు.

ఆయన 1877 మే 18వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. బాలునకు మూడవయేడు వచ్చునప్పటికి తండ్రి స్వర్గస్థులైరి. తండ్రిలేని పిల్లల గతి యెట్లుండునో లోకమెరిగినదే. బంధువు లొకరిపై నొకరు భారమునుంచి తప్పుకొనుటయు, పిల్లవాడు పదియేండ్లైనను నిండకముందే ఏదో యొక కొలువునకు కుదురుటయు సామాన్యము. ఇచట అట్లు జరుగలేదు. సవతియన్న శంకరరావుగారు తల్లిని, చెల్లెలిని, తమ్ముని తెలంగాణమునకు తోడుకొనిపోయి కడుపున పెట్టుకొని సాకిరి. బాలుని ప్రాథమిక విద్య భువనగిరిలో జరిగెను. లక్ష్మణరావుగారి కీర్తికి పునాదులు వెదకువారు మొట్టమొదట ఈ అన్నగారిని స్మరింపవలెను.

రెండవ యాధారము అక్క అచ్చమాంబగారు. ఆమె తమ్మునికంటె మూడేండ్లు పెద్ద. పదియేండ్ల ప్రాయముననే వివాహమై, మధ్యపరగణాలలో ఇంజనీరుగ నున్న భర్త బండారు మాధవరావుగారి యింటికి నాగపురము వెడలిరి. తమ్ముని చదువు సాగింపవలెనని తనవెంట తీసికొనిపోయిరి. బావగారు అతనిని పరాయివానిగ చూడక పై చదువులు చెప్పించిరి. ఆడపిల్లలకు బడి లేని రోజులవి. తమ్మునకు పాఠములు చెప్పునపుడు ప్రక్కన కూర్చుండి అక్కగారు అక్షరములు నేర్చిరి. తెలుగుతో నిలువక హిందీ, మరాఠీ, బెంగాలీ, ఇంగ్లీషు భాషలను క్రమముగ సాధించిరి. అన్నము పెట్టిన చేతికి అక్షరము పెట్టుట లక్ష్మణరావుగారు చేసిన తొలి విద్యాదానము. ఆయనకు మొదటి విద్యార్థిని తన అక్కగారే.

ఆ విద్య వ్యర్థము కాలేదు. అచ్చమాంబగారు అబలా సచ్చరిత్ర రత్నమాల యను పేర స్త్రీల జీవితచరిత్రములను సంకలనము చేసి 1901లో వెలువరించిరి. తెలుగు కథానికకు తొలినాళ్లలోనే ఆమె కథలు ప్రకటించిరి. 1902లో బందరున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. తన బిడ్డలు పసితనముననే పోగా, దిక్కులేని పిల్లలను చేరదీసి చదువు చెప్పించిరి. 1905 జనవరిలో, ముప్పదియేండ్ల వయసున, ఆమె మరణించిరి. ఒక బాలునకు చెప్పించిన చదువు ఒక యింటిలో నిలువదనియు, అది అక్కకు, ఆమెనుండి అనాథలకు, వారినుండి లోకమునకు పారుననియు ఈ కుటుంబ చరిత్ర తెలుపుచున్నది.

నాగపురవాసము లక్ష్మణరావుగారికి పట్టము నొసగుటయేగాక కన్నులు తెరపించెను. మహారాష్ట్రులు అప్పటికే స్వభాషను శాస్త్రచర్చకు, చరిత్ర పరిశోధనకు సాధనముగ చేసికొనియుండిరి. చిప్లూణ్‌కర్ పండితుని నిబంధమాల 1874లో ఆరంభమైనది. తిలక్ మహాశయుని కేసరి 1881లో పుట్టినది. పాత దస్తావేజులను వెదకి ప్రకటించు పండితులు బయలుదేరిరి. ఆ గాలి పీల్చిన యువకుడు మరాఠీ నేర్చి, ఆ భాషలోనే వ్యాసములు వ్రాయగల ప్రజ్ఞను సంపాదించెను. 1900లో బి.ఏ., 1902లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టములను పొందెను. పరభాషలో పేరు గడించి అచ్చటనే స్థిరపడుటకు అవకాశములు లేకపోలేదు. కాని మహారాష్ట్రమును చూచినకొలది తెలుగుదేశపు కొరత ఆయన మనస్సును కలచెను. మరాఠీ బాలునకు స్వభాషలో లభించు విజ్ఞానము తెలుగు బాలునకు ఏల లభింపరాదను ప్రశ్న ఆయన జీవితమును నడిపినది.

ప్రశ్న మనసున పుట్టినంతనే పని కాదు. దానికి ధనము కావలెను. ఆ ధనము మునగాల సంస్థానమున లభించెను. మునగాల పరగణా కృష్ణాజిల్లాకు చేరినదైనను చుట్టును నైజాము రాజ్యమే. అది ఒక ద్వీపమువంటిది. దాని ప్రభువు రాజా నాయని వేంకట రంగారావుగారు లక్ష్మణరావుగారిని దివానుగ నియమించిరి. ఉద్యోగమిచ్చి ఊరకుండక, ఆయన తలపెట్టిన ప్రతి విద్యాకార్యమునకును చేయూతనిచ్చిరి. జమీందారు తన దివానుచే శిస్తులు వసూలు చేయించుట లోకాచారము. ఈ ప్రభువు తన దివానును దేశమంతటి విద్యకు వినియోగింపనిచ్చెను. ధనికుడు విద్వాంసునకు చేయగల సాయములలో మిన్నయైనది ఇట్టి తీరికను, స్వాతంత్ర్యమును ఇచ్చుటయే. ఆనాటి సంస్థానాధిపతులలో భవంతులు కట్టినవారు పెక్కురు. మునగాల రాజాగారి పేరు నేటికిని నిలిచియుండుటకు కారణము ఆ విద్యాకార్యములే.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. రాజాగారి ధనము, రంగారావుగారి యిల్లు, లక్ష్మణరావుగారి సంకల్పము మూడును గూడినందున అది సాధ్యమైనది. ఆ రాజధానిలో తెలుగు మాటాడుటయే కొందరికి చిన్నతనముగ తోచిన కాలమది. తెలుగు పుస్తకములు, పత్రికలు ఒకచోట చేరి యువకుల కందుబాటులోనికి వచ్చుటతో నలుగురు కూడుకొనుటకు తావు దొరకెను. మూడేండ్లలో, 1904లో, హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. వరంగల్లు సీమకు విద్యాకేంద్రము హనుమకొండయే. జనగామ తాలూకానుండియు మానుకోట వైపునుండియు వ్యవహారములకై వచ్చువారికి అది తెలుగుచదువు రుచి చూపిన చలివేంద్రము.

అయితే గ్రంథాలయములు వెలసిన పిదప మరియొక లోపము బయటపడెను. బీరువాలు కలవు, వానిలో నుంచదగిన పుస్తకములు తక్కువ. కావ్యములు, పురాణములు, నాటకములు కలవు. పదునెనిమిదేండ్ల యువకుడు ప్రపంచ చరిత్రమును, పదార్థ విజ్ఞానమును, జీవశాస్త్రమును, అన్యదేశ మహాపురుషుల చరితములను తెలుగున చదువగోరినచో ఏమియు లేవు. ఈ లోపమును తీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి యేర్పడెను. లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గారలు తోడుపడిరి. కొంతకాలమునకు మండలి మదరాసునకు తరలెను.

మండలి తొలి ప్రచురణము అబ్రహాము లింకను చరిత్రము. దానిని 1907లో హరిసర్వోత్తమరావుగారు రచించిరి. ఈ ఎంపిక యాదృచ్ఛికమని తలపరాదు. కొయ్యదుంగల గుడిసెలో పుట్టి, అరువు పుస్తకములను చదివి, కూలిపనులు చేసికొనుచు న్యాయవాదియై, తుదకు అమెరికా రాజ్యాధ్యక్షుడై బానిసత్వమును నిర్మూలించిన మహనీయుని కథ అది. వెట్టిచాకిరియు, దారిద్ర్యమును నిత్యము కన్నులజూచు తెలుగు బాలునకు అంతకంటె ఉత్సాహకరమగు కథ మరియేది? పుట్టుక మనిషిని కట్టివేయదను విశ్వాసమును కలిగింపని విద్య యెంత నేర్పినను నిష్ప్రయోజనమని లక్ష్మణరావుగారు గ్రహించిరి. కనుకనే ఆయన సూత్రములతోను పట్టికలతోను ఆరంభింపక, ఒక పేదబాలుని జీవితముతో ఆరంభించిరి. యువకునకు ముందు ఆశ కలుగవలెను. పిదప శాస్త్రము దానంతట వంటబట్టును.

తరువాత శాస్త్ర గ్రంథములు వరుసగ వెలువడినవి. వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, చిలుకూరి వీరభద్రరావుగారు ఆంధ్రుల చరిత్రమును రచించిరి. పదార్థ విజ్ఞానము, రసాయనము మొదలగు శాస్త్రములు తెలుగున నడచుట నేర్చెను. లక్ష్మణరావుగారు స్వయముగ శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము మున్నగు చరిత్ర గ్రంథములను వ్రాసిరి. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చుట వలన కొత్త రచయితలకు ప్రోత్సాహము లభించెను. ఎవరికి ఏ విషయమున ప్రవేశము కలదో గుర్తించి, వారిచే ఆ విషయమును వ్రాయించుట ఆయన పద్ధతి. ఆయన ప్రజ్ఞ తన రచనలలో కంటె ఇతరులచే చేయించిన రచనలలో అధికముగ కనబడును. గ్రంథకర్తలు పెక్కురు కలరు. గ్రంథకర్తలను తయారుచేయువారు అరుదు.

ఇచట ఆయన యువజన పోషణమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. హరిసర్వోత్తమరావుగారు లింకను చరిత్రమును రచించునాటికి ఇరువదినాలుగేండ్ల యువకులు. మరుసటియేడు, 1908లో, బెజవాడ స్వరాజ్య పత్రికలోని రచనకై ప్రభుత్వము వారిని చెరసాలకు పంపెను. విడుదలయైన పిదప వారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారపోసిరి. కాళేశ్వరరావుగారు స్వాతంత్ర్య సమరమున నిలిచి, 1956లో ఆంధ్రప్రదేశ శాసనసభకు తొలి అధ్యక్షులైరి. గ్రంథమండలి కార్యమున చేరునాటికి వీరిరువురును చదువు ముగించి వచ్చిన యువకులే. యువకుని నమ్మి పెద్దపని నప్పగించినచో అతడు పెద్దవాడగునని వీరిద్దరి చరిత్రము చాటుచున్నది.

అంతకంటె హృదయంగమమైనది మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వృత్తాంతము. గోదావరి మండలమునందలి చిన్నయూర 1891లో పుట్టిన ఈ పండితునకు పాఠశాల చదువు కూడ పూర్తిగ సాగలేదు. పట్టములు లేని యువకుని ఏ కార్యాలయమును గుమ్మము దాటనీయదు. లక్ష్మణరావుగారు పట్టమును చూడక పట్టుదలను చూచిరి. తన విజ్ఞాన సర్వస్వ కార్యమున పని నిచ్చి, శాసనములను చదువుటయు, ఆధారములను తూచుటయు నేర్పిరి. ఆ యువకుడే తరువాత ఆంధ్రదేశ చరిత్రకారులలో అగ్రగణ్యుడై, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము నెరపి, రెడ్డిరాజుల చరిత్రమును ఇంగ్లీషున రచించి 1948లో ప్రకటించెను. పాఠశాల వదలిన బాలుడు విశ్వవిద్యాలయమున బోధించుటకు నడుమ ఉన్నది ఒక్క మనిషి ఆదరణము. ఆ ఆదరణము లేనిచో ఆ ప్రజ్ఞ యేమై యుండెడిదో ఊహించుటకే కష్టము కలుగును. అట్లు నశించిన ప్రజ్ఞలెన్నియో లెక్క కట్టినవారు లేరు.

1912 ప్రాంతమున ఆయన తన జీవితమునందెల్ల పెద్దదియగు కార్యమును తలకెత్తుకొనిరి. సకల శాస్త్రములను అకారాది క్రమమున తెలుగువారికందించు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అది. పాశ్చాత్య దేశములలో పెద్ద పెద్ద సంఘములు, వందలకొలది పండితులు చేయు పనిని ఆయన కొలదిమంది సహాయకులతో ఆరంభించిరి. అథర్వవేదము మొదలు అద్వైతము వరకు గల గహన విషయములను స్వయముగ వ్రాసిరి. మూడు సంపుటములు వెలువడినవి. కాని అకారము దాటకమున్నే కార్యము నిలిచెను.

ఈ నిలుపుదలకు కారణమును దాచనక్కరలేదు. మహారాష్ట్రమున డాక్టరు కేత్కర్‌గారు ఇట్టి జ్ఞానకోశమునే మనకంటె తరువాత, 1916లో, తలపెట్టిరి. ఆయన ప్రజలనుండి వాటాలు కూర్చి ఒక సంస్థను నెలకొల్పిరి. తత్ఫలితముగ ఇరువదిమూడు సంపుటములు పూర్తియైనవి. మన లక్ష్మణరావుగారు పాండిత్యమునందు ఎవరికిని తీసిపోరు. కొరతపడినది మన యాదరణము. సభలలో పొగడినవారు పెక్కురు. చందాలు గట్టి సంపుటములను కొనినవారు తక్కువ. ఒక మహాపురుషుని గౌరవించుటకును ఆయన పనికి తోడ్పడుటకును గల తారతమ్యమును మనము ఆనాడు గ్రహింపలేదు. నేడైనను గ్రహించితిమా యని ఎవరికివారు విచారించుకొనవలెను. 1930 తరువాత దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ విజ్ఞాన సర్వస్వమును తిరిగి చేపట్టుట మాత్రము తెలుగువారి గౌరవమును కొంత నిలిపెను.

1923 జూలైలో లక్ష్మణరావుగారు మదరాసున పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు నలుబదియారేండ్లు మాత్రమే. ఆయన విడిచిపోయిన ఆస్తి పొలములు కాదు. ఆయన చేతిమీదుగ తయారైన మనుష్యులు. హైదరాబాదున ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యేర్పడి, ఊరూర తిరిగి శాసనములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించెను. ఆ మండలికి ప్రాణమిచ్చి పనిచేసిన ఆదిరాజు వీరభద్రరావుగారు రావిచెట్టువారి యాశ్రయమున చదువుకొని పైకి వచ్చినవారే. ఆశ్రయము పొందినవాడు తరువాతి తరమునకు ఆశ్రయమగుట ఈ చరిత్రమునందు అడుగడుగునను కనబడును.

లక్ష్మణరావుగారి కుమార్తెకు అక్కగారి పేరే పెట్టబడెను. ఆ కొమర్రాజు అచ్చమాంబగారు వైద్యవిద్య నభ్యసించి డాక్టరై, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. మొదటి అచ్చమాంబగారు తమ్ముని ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చుకొనవలసివచ్చెను. రెండవ అచ్చమాంబగారు వైద్య కళాశాలకు వెళ్లిరి. ఒక్క తరములో ఒక కుటుంబమున స్త్రీవిద్య నడచిన దూరమిది.

మన ప్రాంతమునందు ఈ విత్తనము మొలచిన చోటు ఇనుగుర్తి. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరిన ఆ గ్రామమునుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో తెనుగు అను వారపత్రికను వెలువరించిరి. పట్టణమునందు కాక పల్లెలో ముద్రాయంత్రమును నెలకొల్పి, సంపాదకత్వము మొదలు ముద్రణము వరకు తామే నిర్వహించిరి. వారి గ్రంథమాలకు విజ్ఞాన ప్రచారిణి యని పేరు. ఆ పేరు వినినంతనే విజ్ఞాన చంద్రిక జ్ఞప్తికి రాకమానదు. సభ జరుపుటకును, బడి పెట్టుటకును సర్కారు అనుమతికై వేచియుండవలసిన రాజ్యమున, ఒక మారుమూల గ్రామమునుండి తెలుగు పత్రిక బయలుదేరుట సామాన్య సాహసము కాదు. అట్టి పత్రికలు, గ్రంథాలయములు తెలంగాణమున తలయెత్తుచున్న కాలముననే, 1925లో, అదే సీమయందలి చిన్నగూడూరున దాశరథి కృష్ణమాచార్యులుగారు జన్మించిరి. ఎడారివంటి నేలలో కవి పుట్టుట దైవికము. అతనికి చదువుటకు తెలుగు పత్రికయు పుస్తకమును లభించుట మాత్రము మనుష్య ప్రయత్నమే.

ఇట్టి సందర్భమున కొందరు పెద్దలు చెప్పు ఆక్షేపణమును విచారింతము. పిల్లవాడు చదివినచో సేద్యము మానుననియు, పట్టణము పట్టుననియు, ఉద్యోగము దొరకక రెంటికి చెడిన రేవడియగుననియు వారందురు. ఈ భయము కేవలము నిరాధారము కాదు. చదువుకొని పనిలేక తిరుగు యువకులను మనము చూచుచున్నాము. కాని లక్ష్మణరావుగారి చరిత్రము దీనికి సమాధానము చెప్పుచున్నది. ఆయన తెలుగు యువకులకు పట్టములు సంపాదించిపెట్టలేదు, కొలువులు చూపలేదు. స్వభాషలో ప్రపంచమును తెలిసికొను సాధనమును, చేయదగిన పనియందు శ్రద్ధను కల్పించిరి. అట్టి శ్రద్ధ గలవాడు సేద్యమున నున్నను, వర్తకమున నున్నను, గ్రంథరచనమున నున్నను నిష్ప్రయోజకుడు కాడు. లోపము చదువునందు లేదు. చదివించి, పిదప దారి చూపక విడిచిపెట్టు పెద్దలయందు కలదు.

నేడు కాలము మారినది. ఉర్దూ కచ్చేరీలు పోయినవి; సర్కారు పాఠశాలలు, గురుకులములు, కళాశాలలు వెలసినవి. వరంగల్లున 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమేర్పడెను. దాని ఉపాధ్యక్షులుగ పనిచేసిన ఆచార్య కొత్తపల్లి జయశంకరుగారి పేరే భూపాలపల్లి జిల్లాకు పెట్టబడినది. ఒక జిల్లా రాజు పేర కాక ఉపాధ్యాయుని పేర వెలయుట మనము గర్వింపదగిన విషయము. అయినను 2011 జనాభా లెక్కలలో తెలంగాణమున అక్షరాస్యులు నూటికి అరువదియారుగురుండగా, ఈ మూడు జిల్లాల ప్రాంతము ఆ సగటును అందుకొనలేదు. మహబూబాబాదు తండాలలోను, భూపాలపల్లి అడవిపల్లెలలోను తన వంశమున మొట్టమొదట బడికి వెళ్లిన పిల్లలు నేటికిని కలరు. వారి యిండ్లలో చదువును గూర్చి సలహా చెప్పగలవారు లేరు. పదవ తరగతి దాటిన పిదప ఏమి చదువవలెనో, ఎక్కడ చదువవలెనో, ఉపకారవేతనమునకు ఎవరిని అడుగవలెనో తెలియక, ఆడపిల్లయైనచో పెండ్లిపీటలకును, మగపిల్లవాడైనచో కూలికిని మరలుచున్నారు. భూపాలపల్లి నేలక్రింది బొగ్గును వెలికితీయుటకు ఎంత ధనమైనను వెచ్చింతుము. నేలపైన తిరుగు పిల్లల బుద్ధిని వెలికితీయుటకు అందులో వేయవవంతు శ్రద్ధ చూపినచో చాలును.

దీనికి అందరును లక్ష్మణరావులు కానక్కరలేదు. ఆయన కథలో ఇతరుల పాత్రలు కూడ కలవు. శంకరరావుగారివలె తండ్రిలేని తమ్ముని సాకవచ్చును. మాధవరావుగారివలె భార్య తమ్ముని తన యింట నుంచుకొని చదివింపవచ్చును. రంగారావుగారివలె తన యింటిలో ఒక గదిని పుస్తకములకు విడువవచ్చును. మునగాల రాజాగారివలె సమర్థుడగు యువకునకు వృత్తి నిచ్చి స్వేచ్ఛగ పనిచేయనీయవచ్చును. వీరిలో ఒక్కరు తప్పినను లక్ష్మణరావుగారు మనకు దక్కియుండెడివారు కారు. లక్ష్మణరావుగారు లేనిచో సోమశేఖరశర్మగారు మనకు దక్కియుండెడివారు కారు.

కనుక జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలోని భూస్వాములును, పట్టణములలోని వకీళ్లును, వర్తకులును, ఉద్యోగులును చేయదగిన పని స్పష్టముగ నున్నది. తమ గ్రామమున చురుకైన పిల్ల నొకతెను గాని పిల్లవాని నొకనిని గాని ఎన్నుకొని, కులమును తండాను చూడక, చదువు ముగియువరకు భారము వహింపవలెను. జీతము కట్టుటతో తృప్తి చెందక, నెల కొకమారైనను పిలిచి కుశలమడిగి, మనసు చెదరినపుడు ధైర్యము చెప్పవలెను. ధనము లేనివాడు ఆ ధైర్యమునైన ఇయ్యగలడు. ఊరి పాఠశాలలోని బీరువా తాళమును తీయించి పుస్తకములను పిల్లల చేతి కందింపవలెను. పుస్తకములు చినుగునను భయమున బీరువాకు తాళము వేయుట, వడ్లు అరుగునను భయమున విత్తనము చల్లకుండుటవంటిది.

లక్ష్మణరావు పంతులుగారి విజ్ఞాన సర్వస్వము అకారముతో నిలిచినది. ఆ మహాగ్రంథము వారి చేతుల పూర్తికాలేదని విచారించువారు, తమ గ్రామమున అక్షరము నేర్చి నడుమ ఆగిపోయిన ఒక్క బాలుని చదువును పూర్తిచేయింతురుగాక. ఆయనకు అంతకంటె తగిన స్మారకచిహ్నము వేరొకటి లేదు.